ఫస్టియర్ లెక్చరర్లకి బహిరంగ లేఖ: మీరెలా చదువుతారో ఒక్కసారి మా ముందు చదివి చూపించండి

ఫస్టియర్ క్లాసులు తీసుకునే సార్లకి, మేడమ్‌లకి, సిలబస్ కమిటీలో కూర్చునే పెద్దలకి,

నమస్కారం. నేను ఫైనల్ ఇయర్ స్టూడెంట్‌ని. కొత్త బ్యాచ్ రావడానికి ఇంకా కొన్ని వారాలే ఉంది, మీరు టైమ్‌టేబుల్స్ వేసే పనిలో ఉండుంటారు, అందుకే ఇప్పుడే రాస్తున్నా, క్లాసులు మొదలయ్యాక రాస్తే "మంచి సలహానే, వచ్చే ఏడు చూద్దాం" అంటారని నాకు తెలుసు. విమర్శనాత్మకంగా చదవడం ఎలాగో మాకు చేసి చూపించమని అడగడానికే ఈ లేఖ. ఇందులో కంప్లైంట్ కొంచెం ఉంది, రిక్వెస్ట్ ఎక్కువుంది. చదివేటప్పుడు ఎక్కడైనా కోపం వస్తే కాసేపు ఆగి మళ్ళీ చదవండి ప్లీజ్, మాకు మీరు ఎప్పుడూ చెప్పేది అదే కదా.

నా మొదటి వ్యాసం సంగతి చెప్తా. రెండు వారాలు కూర్చుని రాశా. తొమ్మిది పేజీలు. లైబ్రరీలోంచి ఆరు పుస్తకాలు తెచ్చుకుని, ఒక్కో పుస్తకంలోంచి ఒక్కో పేరా తీసి, నా మాటల్లోకి మార్చి, "ఫలానా ఆయన ఇలా అన్నారు, ఇంకొకాయన అలా అన్నారు" అని వరసగా పేర్చుకుంటూ పోయా, చివర్లో "కాబట్టి ఇది చాలా ముఖ్యమైన అంశం" అని ముగించా. స్కూల్లో అయితే దానికి ఫుల్ మార్కులు, క్లాసులో చదివి వినిపించేవాళ్ళు కూడా. ఇక్కడ తిరిగొచ్చినప్పుడు మొదటి పేజీ మార్జిన్‌లో ఎర్ర పెన్నుతో "వర్ణన ఎక్కువ, విశ్లేషణ లేదు" అని ఉంది, నాలుగో పేజీలో ఒక పేరా పక్కన "అయితే ఏంటి?" అని ఉంది, ఆ తర్వాత చివరి పేజీ దాకా ఇంకేమీ లేదు, చివర్లో మాత్రం మార్కులు, అవి కూడా పాస్‌కి ఒకట్రెండు ఎక్కువ అంతే.

ఆ "అయితే ఏంటి?" చూసి నాకు చాలా అవమానంగా అనిపించింది. వెటకారం చేశారనుకున్నా. అది నిజంగానే ఒక ప్రశ్న అని, ఆ పేరా ఇక్కడెందుకుంది, దీనివల్ల నీ వాదన ఎటు కదిలింది అని అడుగుతున్నారని అర్థమవడానికి నాకు ఏడాదిన్నర పట్టింది. ఏడాదిన్నరా అని నవ్వకండి, మా బ్యాచ్‌లో ఇప్పటికీ అర్థంకాని వాళ్ళున్నారు, వాళ్ళేం తెలివితక్కువ వాళ్ళు కాదు.

అసలు చిక్కు ఎక్కడుందంటే, చదివినదాన్ని ప్రశ్నిస్తూ తూచే ఈ విద్య మీకు ఎంత అలవాటైపోయిందంటే మీరు చేస్తున్నట్టే మీకు కనపడదు. ఈత వచ్చినవాణ్ణి నీళ్ళలో ఎలా తేలుతున్నావని అడిగితే "ఏముంది, దిగితే తేలతావ్" అంటాడు చూడండి, అట్లాగే. మీరు ఒక పరిశోధన పేపర్ తెరిచి మూడు నిమిషాల్లో "ఇది పెద్ద నమ్మేది కాదు" అని పక్కన పెట్టేస్తారు. ఆ మూడు నిమిషాల్లో మీ కళ్ళు ఎక్కడెక్కడ తిరిగాయి, ఏ లైన్ దగ్గర అనుమానం వచ్చింది, ఏది వదిలేశారు, ఇదేదీ మాకు కనపడదు. మాకు కనపడేది తీర్పు ఒక్కటే. దాంతో మేం ఆ తీర్పునే నోట్ చేసుకుని బట్టీ కొట్టి పరీక్షలో రాస్తాం, మీరేమో "సొంతంగా ఆలోచించట్లేదు" అంటారు.

పైగా మీరు వాడే "విమర్శ" అనే మాటతో ఇంకో తంటా ఉంది. తెలుగులో విమర్శ అంటే మామూలు వాడుకలో తప్పులు పట్టడమే, ఎవరైనా "నన్ను విమర్శించాడు" అంటే తిట్టాడనే కదా అనుకుంటాం. ఆ మాట అసలు అర్థం బాగా ఆలోచించి పరిశీలించడం, కానీ అది నిఘంటువులో ఉండిపోయింది. అందుకని "విమర్శనాత్మకంగా చదవండి" అని మీరనగానే మాలో సగం మంది ప్రతి దానికీ అడ్డం తిరగడం మొదలెట్టారు. రచయిత ఏదన్నా సరే "దీనికి ఆధారం లేదు", "ఇది పక్షపాతం", "శాంపిల్ చిన్నది" (అంటే పరిశీలించిన మనుషులు తక్కువ అని). శాంపిల్ చిన్నదనే ముక్క నేర్చుకున్నాక మాకు చేతిలో కత్తి దొరికినట్టయింది, కనపడిన ప్రతిదాని మీదా వేశాం. ఎంత ఉంటే సరిపోతుంది, దేనికి సరిపోతుంది అని ఎవరైనా తిరిగి అడిగితే నోట మాట లేదు. మిగతా సగం మంది మర్యాదస్తులు, ప్రొఫెసర్ రాసిన దాన్ని మేం అనడమేంటి అని నోరు మూసుకున్నారు. రెండూ ఆలోచన కాదు కదా.

దీని మీద పాత పరిశోధనే ఉంది, మీకు తెలిసే ఉంటుంది. విలియం పెర్రీ అనే ఆయన హార్వర్డ్ స్టూడెంట్లని ఏళ్ళ తరబడి ఇంటర్వ్యూలు చేసి 1970లో పుస్తకం వేశారు. కాలేజీకి కొత్తగా వచ్చినప్పుడు చాలామందికి ప్రతి ప్రశ్నకీ ఒక సరైన జవాబుంటుందని, అది పంతులు గారి దగ్గరుంటుందని, దాన్ని రాసుకోవడమే తమ పని అని ఉంటుందట. తర్వాత పెద్దపెద్ద వాళ్ళే ఒకళ్ళతో ఒకళ్ళు ఒప్పుకోరని తెలుస్తుంది, అప్పుడు "అయితే ఎవరి అభిప్రాయం వాళ్ళది, నాది నాది" అనే దగ్గరికొచ్చి ఆగుతారు. అక్కణ్ణుంచి, అన్ని అభిప్రాయాలూ ఒకే బరువు కాదు, వెనకున్న ఆధారాన్ని బట్టి, సందర్భాన్ని బట్టి తూచాలి అనే దగ్గరికి రావడం అసలు ప్రయాణం. నేను మధ్యలో ఉన్న ఆ "ఎవరిది వాళ్ళది" దగ్గర దాదాపు ఏడాది కూర్చున్నా. చాలా హాయిగా ఉంటుంది అక్కడ. వాదించక్కర్లేదు, మార్చుకోనక్కర్లేదు, ఓపెన్ మైండెడ్ అనే పేరు కూడా వస్తుంది.

ఇక మా ఓరియెంటేషన్ గురించి చెప్పకుండా ఉండలేను. మొదటి వారంలో "లెర్నింగ్ స్కిల్స్" అని గంటన్నర సెషన్ పెట్టారు, విమర్శనాత్మకంగా ఆలోచించండి అని పెద్ద అక్షరాల స్లైడ్‌తో మొదలైంది. పదో పన్నెండో స్లైడ్‌లో ఒక పిరమిడ్ బొమ్మ. మనిషి చదివింది 10 శాతం గుర్తుంటుంది, విన్నది 20 శాతం, చూసింది 30 శాతం, ఇలా కిందికి దిగుతూ దిగుతూ చేసింది 90 శాతం అట. మేమంతా ఫొటోలు తీసుకున్నాం, నేనైతే కొన్నాళ్ళు వాల్‌పేపర్‌గా పెట్టుకున్నా. చాలాకాలం తర్వాత ఒక అసైన్‌మెంట్ కోసం దాని మూలం వెతుకుతూ పోతే ఆ బొమ్మకి ఆధారమని చెప్పే పేరు ఎడ్గర్ డేల్ అనే అమెరికన్ విద్యావేత్తదని తేలింది. ఆయన 1946లో పుస్తకంలో వేసిన శంకువు బొమ్మలో ఒక్క శాతం కూడా లేదు. అనుభవాల్లో ఏవి చేతికి దగ్గరగా ఉంటాయి, ఏవి మాటల్లో మాత్రమే ఉంటాయి అని చెప్పడానికి గీసిన బొమ్మ అది, దాన్ని అక్షరాలా తీసుకోవద్దని ఆయనే హెచ్చరించాడు కూడా. ఆ అంకెలు తర్వాత ఎవరో అతికించారు, అతికించినవి ఒకళ్ళ స్లైడ్‌లోంచి ఇంకొకళ్ళ స్లైడ్‌లోకి నడిచొచ్చాయి. అంత గుండ్రంగా పదులు పదులుగా పెరిగే అంకెలు నిజం కొలతల్లో ఎక్కడైనా వస్తాయా? వాల్‌పేపర్‌గా పెట్టుకున్నన్నాళ్ళూ నాకు ఆ అనుమానం రాలేదు, అది నా తప్పే. కానీ సెషన్ పెట్టిన వాళ్ళకీ రాలేదు కదా.

ఇది ఎత్తిపొడుపు కోసం చెప్పట్లేదు (కొంచెం ఉందనుకోండి). ఆ స్లైడ్‌ని తీసెయ్యొద్దు అంటున్నా. దాన్నే పెట్టి, "ఈ అంకెలు ఎక్కణ్ణుంచి వచ్చాయో శుక్రవారం లోపు కనుక్కుని రండి" అని వదిలేయండి. గంటన్నర ఉపన్యాసం కంటే అదే ఎక్కువ పని చేస్తుంది, ఎందుకంటే ఆ వెతుకులాటలో మూలం దాకా వెళ్ళడమంటే ఏంటో, ఒకళ్ళని చూసి ఒకళ్ళు రాసుకుంటూ పోవడమంటే ఏంటో వాళ్ళ చేతికే తగులుతుంది.

నాకు దారి కనపడింది ఎప్పుడో చెప్తా. సెకండియర్ రెండో సెమిస్టర్‌లో ఒక మేడమ్ (పేరు చెప్పను, ఆవిడకి ఇష్టం ఉండదు) ఒకరోజు పాఠం చెప్పనన్నారు. ప్రింట్ తీసిన పేపర్ ఒకటి తెచ్చి ప్రొజెక్టర్ కెమెరా కింద పెట్టి, "ఇది నేను ఇంతకుముందు చదవలేదు, ఇప్పుడు మీ ముందే చదువుతా, నా బుర్రలో ఏం నడుస్తుందో అది బయటికి అంటుంటా" అని పెన్సిల్ తీసుకున్నారు. మేం అనుకున్నది మొదటి లైన్ నుంచి చదువుతారని. ఆవిడ టైటిల్ చూశారు, పైన సారాంశం చూశారు, టక్కున చివరికి తిప్పి ముగింపు చదివారు, మళ్ళీ వెనక్కొచ్చి టేబుల్స్ దగ్గర ఆగారు. మధ్యలో నాలుగు పేజీలు అసలు తాకలేదు! మా పక్కవాడు "ఇలా కూడా చదవొచ్చా" అని గొణిగాడు, మాకు అది దొంగతనం చేస్తున్నట్టు అనిపించింది. "వీళ్ళు మెరుగుపడింది అంటున్నారు" అని ఆ మాట చుట్టూ గుండ్రంగా గీసి పక్కన "ఎవరితో పోలిస్తే?" అని రాశారు. కాస్త కిందికెళ్ళి "ఈ మనుషులు వాళ్ళంతట వాళ్ళు వచ్చారా, పిలిస్తే వచ్చారా?" అని ఇంకో ప్రశ్న. ఒక చోట ఆగి, "ఈ పేరా నాకు అర్థం కాలేదు" అన్నారు. అంత మామూలుగా అనేశారు. రెండోసారి చదివి, "ఇంకా కాలేదు, గుర్తు పెట్టుకుని ముందుకి పోతా" అన్నారు.

తర్వాత జరిగింది ఇంకా బాగుంటుంది. "ఫలానా విషయం వీళ్ళు అసలు పట్టించుకోలేదు, ఇది పెద్ద లోపం" అని ఆవిడ మార్జిన్‌లో రాశారు. వెనక బెంచీలోంచి ఒకమ్మాయి చెయ్యెత్తి, "మేడమ్, ఆరో పేజీలో కింద చిన్నక్షరాల్లో దాని గురించే ఉన్నట్టుంది" అంది. ఆవిడ పేజీ తిప్పి చూశారు, చదివారు, ఓ పది సెకన్లు ఏమీ అనలేదు. క్లాసంతా ఊపిరి బిగబట్టుకుంది. అప్పుడు వెనక్కి తిప్పి తను రాసింది కొట్టేసి, పక్కన "తొందరపడ్డా, 6వ పేజీ చూడు" అని రాసుకున్నారు. అంతే, తర్వాత లైన్‌కి వెళ్ళిపోయారు. నలభై నిమిషాల క్లాసు అది. మూడేళ్ళలో నాకు పనికొచ్చిన క్లాసు ఏదంటే అదే చెప్తా, ఆ పేపర్ దేని గురించో ఇప్పుడు సగం గుర్తులేదు కానీ ఆ కొట్టివేత గుర్తుంది. తప్పని తేలితే పరువు పోదని, గీత గీసి ముందుకి పోవచ్చని నేను కళ్ళతో చూడటం అదే మొదటిసారి.

సొంతంగా చదవడం గురించి కూడా రెండు మాటలు అనాలి, అది విమర్శనాత్మకంగా చదవడానికి కవల పిల్ల లాంటిది. మేం వచ్చిన మొదటి వారం టైమ్‌టేబుల్ చూసి ఎగిరి గంతేశాం, మంగళవారం మధ్యాహ్నం ఖాళీ, గురువారం సగం రోజు ఖాళీ. అవి ఖాళీలు కాదని మాకెవరూ చెప్పలేదు. అమెరికాలో క్రెడిట్ అవర్ (కోర్సు బరువుని లెక్కగట్టే యూనిట్) నిర్వచనంలోనే వారానికి క్లాసులో ఒక గంట ఉంటే బయట కనీసం రెండు గంటల పని ఉంటుంది. యూరప్ యూనివర్సిటీలు వాడే ఈసీటీఎస్ అనే క్రెడిట్ల లెక్కలో ఒక క్రెడిట్‌కి 25 నుంచి 30 గంటల పని, ఏడాదికి 60 క్రెడిట్లు, అంటే 1,500 నుంచి 1,800 గంటలు, అందులో మీరు మా ఎదురుగా ఉండేది కొంత భాగమే. చాలా యూనివర్సిటీల్లో ఇలాంటి లెక్క ఒకటి ఉంటుంది, అది రూల్స్ పుస్తకంలో ఉంటుంది, స్టూడెంట్ చేతిలో ఉండే టైమ్‌టేబుల్ మీద మాత్రం తెల్ల గడిలా ఉంటుంది.

సరే, కూర్చుంటాం. కూర్చుని ఏం చేస్తాం? హైలైటర్ తీస్తాం. పేజీ మొత్తం పసుపు చేస్తాం, మళ్ళీ చదువుతాం, మూడోసారి చదువుతాం, మూడోసారికి అంతా తెలిసినట్టే ఉంటుంది. అదే మోసం. 2006లో రోడిగర్, కార్పికీ అని ఇద్దరు పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు, స్టూడెంట్లకి ఒక పాఠం ఇచ్చి ఒక గుంపుతో నాలుగు విడతలు చదివించారు, ఇంకో గుంపుతో ఒక్క విడతే చదివించి మూడు విడతలు పుస్తకం మూసి గుర్తున్నది రాయించారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే నాలుగు విడతలు చదివినవాళ్ళే ముందున్నారు, వీళ్ళకి 83 శాతం, రాసినవాళ్ళకి 71. వారం తర్వాత పెడితే తిరగబడింది, చదివినవాళ్ళకి 40, రాసినవాళ్ళకి 61. ఇంకా తమాషా ఏంటంటే, వారం తర్వాత ఎంత గుర్తుంటుందనుకుంటున్నారు అని ముందే అడిగితే ఎక్కువ ధీమాగా ఉన్నది నాలుగు విడతలు చదివిన గుంపే. డన్లాస్కీ, ఆయన సహచరులు 2013లో పది చదువు పద్ధతుల్ని తీసుకుని ఎవరెవరు ఏం కనిపెట్టారో జల్లెడ పట్టారు. హైలైట్ చెయ్యడం, మళ్ళీ మళ్ళీ చదవడం అట్టడుగున, తనకి తానే పరీక్ష పెట్టుకోవడం, రోజులు ఎడం ఇచ్చి చదవడం పైన. నేను మూడేళ్ళలో కొన్న హైలైటర్లన్నీ నా బల్ల సొరుగులో ఇంకా ఉన్నాయి, ఎండిపోయినవి కూడా పారెయ్యలేదు, చూసినప్పుడల్లా నవ్వొస్తుంది.

ఇది తెలిశాక నేను చేసిన మార్పు చాలా చిన్నది. క్లాసు అయ్యాక తెల్ల కాగితం తీసి, నోట్స్ మూసి, గుర్తున్నది రాయడం. మొదటిసారి నాలుగు లైన్లు వచ్చాయి. గంట క్లాసు విని నాలుగు లైన్లు, అందులో ఒకటి మీరు వేసిన జోకు! ఏడుపొచ్చింది కానీ ఏది తెలియదో అప్పుడు తెలిసింది, నోట్స్ తెరిచి అది మాత్రమే చూశా, మూడు రోజుల తర్వాత మళ్ళీ తెల్ల కాగితం. ఇంతకంటే పెద్ద టెక్నిక్ ఏమీ లేదు. దీన్ని మీరు క్లాసు చివరి ఐదు నిమిషాల్లో చేయిస్తే చాలు, అటెండెన్స్ పిలవడానికి పట్టే టైమే అది.

నెట్‌లో వెతకడం గురించి క్లుప్తంగా చెప్తా. "నమ్మదగిన సైట్లే వాడండి" అంటారు, ఎలా తెలుస్తుందంటే చెక్‌లిస్ట్ ఇస్తారు, లోగో ఉందా, రచయిత పేరు ఉందా, కింద రిఫరెన్సులు ఉన్నాయా అని. సామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ అనే ఇద్దరు పరిశోధకులు 45 మందిని పరీక్షించారు, పది మంది చరిత్రలో పీహెచ్‌డీ ఉన్నవాళ్ళు, పది మంది ఫ్యాక్ట్ చెకర్లు (రాసినదాంట్లో నిజమెంతో సరిచూడటమే పనిగా ఉన్నవాళ్ళు), మిగతా 25 మంది స్టాన్‌ఫర్డ్ స్టూడెంట్లు. దాదాపు ఒకేలాంటి పేర్లున్న రెండు పిల్లల డాక్టర్ల సంఘాల పేజీలు చూపించారు, ఒకటి పెద్ద సంస్థ, రెండోది అందులోంచి చీలిపోయిన చిన్న గుంపు. స్టూడెంట్లలో సగానికి పైగా చిన్న గుంపు పేజీనే ఎక్కువ నమ్మారు, ఎందుకంటే పేజీ నీటుగా ఉంది, రిఫరెన్సులున్నాయి, మరి వాళ్ళు ఆ పేజీలోనే ఉండి దాన్ని పైనించి కిందికి శ్రద్ధగా చదివారు. ఫ్యాక్ట్ చెకర్లు కాసేపట్లోనే ఆ పేజీ వదిలేసి పక్కన కొత్త ట్యాబులు తెరిచి వీళ్ళ గురించి బయటివాళ్ళు ఏమంటున్నారో చూశారు. అంటే శ్రద్ధగా చదవడం కూడా కొన్నిచోట్ల తప్పే, ముందు ఇది చదవదగ్గదా కాదా అని తేల్చుకోవాలి. ఈ ముక్క చెక్‌లిస్టులో రాస్తే ఎక్కదు, ప్రొజెక్టర్ మీద మీరు ట్యాబులు తెరుస్తుంటే చూస్తే ఎక్కుతుంది. చాట్‌బాట్ల సంగతీ అంతే, వాటిని అడిగితే ఒక్కోసారి లేని పేపర్లకి కూడా పేర్లు, సంవత్సరాలు, పేజీ నంబర్లు పెట్టి ఇస్తాయి. వాడొద్దు అని నోటీసు పెడితే దాక్కుని వాడతాం. ఇచ్చిన రిఫరెన్సుల్ని క్లాసులోనే ఒక్కొక్కటి వెతికి చూపించండి, ఒక్కటి దొరక్కపోయినా చాలు, ఎవరూ మర్చిపోరు.

నేను పోయినేడు జూనియర్లకి మెంటర్‌గా ఉన్నప్పుడు ఒక ఆట ఆడించా, ఇది మీరూ ఆడించొచ్చు, పది నిమిషాలు చాలు. బోర్డు మీద 2, 4, 6 అని రాసి, ఈ మూడు అంకెలు నా మనసులో ఉన్న ఒక రూల్‌కి సరిపోతాయి, ఆ రూల్ ఏంటో కనుక్కోండి, మీరు ఏ మూడు అంకెలైనా చెప్పండి, సరిపోతుందో లేదో చెప్తా, ఖాయం అనుకున్నాక రూల్ చెప్పండి అన్నా. 8, 10, 12 అన్నారు, సరిపోతుందన్నా. 20, 22, 24, సరిపోతుంది. 100, 102, 104, సరిపోతుంది. "రెండేసి పెరగాలి, అంతే" అని ఒకబ్బాయి లేచి నిలబడి మరీ చెప్పాడు. కాదన్నా. అందరూ గొడవ. చాలాసేపటికి ఒకమ్మాయి భయపడుతూ భయపడుతూ "1, 2, 50" అంది, సరిపోతుందన్నా, క్లాసు ఒక్కసారి చల్లబడింది. రూల్ ఏం లేదు, ఒకదాని కంటే ఒకటి పెద్దదిగా ఉండాలి అంతే. పీటర్ వేసన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1960లో చేసిన ప్రయోగం ఇది, 29 మంది ఆడితే ఒక్క తప్పు ఊహ కూడా లేకుండా మొదటి మాటే సరిగ్గా చెప్పినవాళ్ళు 6 మంది. మిగతావాళ్ళలో ఎక్కువమంది మా జూనియర్లలాగే తాము అనుకున్నది నిజమని చూపించే అంకెలే అడుగుతూ పోయారు, అది తప్పని తేల్చే అంకెలు అడగాలని తట్టలేదు. ఆ లేచి నిలబడ్డ అబ్బాయి తర్వాత నా దగ్గరికొచ్చి, "అన్నా, నా వ్యాసంలో కూడా నేను ఇదే చేశా కదా, నాకు సపోర్ట్ చేసేవే వెతికి పెట్టా" అన్నాడు. నేను ఏడాదిన్నర తిరిగిన దూరం వాడు పది నిమిషాల్లో దాటేశాడు, కొంచెం అసూయ కూడా వేసింది.

మా వైపు తప్పులు లేవని కాదు. రీడింగ్ ఇస్తే చదవకుండా వస్తాం. ప్రశ్న ఉందా అంటే తల దించుకుంటాం. ఉన్న ఒకే ప్రశ్న "ఇది పరీక్షలో వస్తుందా సార్". నిజమే, సిగ్గుపడాల్సిందే. కానీ పరీక్షలో ఏం వస్తుందో మీకూ తెలుసు కదా. సెమిస్టర్ అంతా ఆలోచించండి, ప్రశ్నించండి అని చెప్పి చివరికి "ఫలానా సిద్ధాంతం లక్షణాలు ఏడు రాయుము" అని పేపర్ ఇస్తే మేం ఏడు లక్షణాలే చదువుతాం, ఆరు రాసి సొంత మాట ఒకటి కలిపినవాడికి మార్కు తెగుతుంది, పక్కవాడు అది చూస్తాడు, మరుసటి సెమిస్టర్ నుంచి ఇద్దరూ ఏడే రాస్తారు. మార్కులు ఎటు పడితే మేం అటు పోతాం, ఇందులో రహస్యం ఏం లేదు.

కాబట్టి అడుగుతున్నది ఇది. మొదటి నెలలో మీలో ప్రతి ఒక్కరూ ఒక్క క్లాసు, ఒకే ఒక్కటి, మీ సబ్జెక్టులో మీరు ఇంతకుముందు చూడని పేపర్ తెచ్చి మా ముందు చదవండి. ముందే చదివి రిహార్సల్ వేసుకుని రావద్దు, అది మళ్ళీ పాఠమే అయిపోతుంది. తడబడండి, వెనక్కి తిప్పండి, అర్థం కాలేదనండి. తర్వాత ఒక్క అసైన్‌మెంట్‌లో, పది మార్కులదైనా పర్వాలేదు, ముందు నేను ఇలా అనుకున్నా, ఫలానాది చదివాక ఎక్కడ మార్చుకున్నా, ఏది మార్చుకోలేదు, ఎందుకు అని రాయించి దానికి మార్కులివ్వండి. మార్చుకోకపోయినా ఇవ్వండి, కారణం గట్టిదైతే. ఇంకా, వ్యాసం వెనక్కిచ్చేటప్పుడు "విశ్లేషణ లేదు" అని రాసే చోట, ఏదో ఒక్క పేరా తీసుకుని మీరైతే ఎలా రాసేవారో రెండు లైన్లు రాసివ్వండి. తొమ్మిది పేజీలకీ అక్కర్లేదు, ఒక్క పేరాకి చాలు, మిగతావి మేం చూసి చేసుకుంటాం.

మీరేమంటారో కొంత తెలుసు. సిలబస్ పూర్తవ్వదు. రెండొందల మంది ఉన్న క్లాసులో ఇవన్నీ కుదరవు. ప్రొజెక్టర్ కింద చదవడానికి రెండొందల మంది ఉంటే ఏం, ఇరవై మంది ఉంటే ఏం, నిజానికి ఎక్కువమంది ఉంటేనే ఆరో పేజీలో చిన్నక్షరాలు ఎవరో ఒకళ్ళు చూస్తారు. రెండొందల వ్యాసాల మీద రెండేసి లైన్లు రాయడం మాత్రం కష్టమే, ఒప్పుకుంటా, అక్కడ మాలాంటి ఫైనల్ ఇయర్ వాళ్ళని వాడుకోండి, ముందు మాకు మీరు చూపించి. సిలబస్ విషయంలో మాత్రం నాకు మొహమాటం లేదు. ఫస్టియర్‌లో మీరు పూర్తి చేసిన పదిహేను చాప్టర్లలో నాకు ఇవాళ ఎన్ని గుర్తున్నాయో ఈ లేఖ రాసే ముందు తెల్ల కాగితం తీసి చూసుకున్నా. నాలుగు పేర్లు వచ్చాయి, అందులో రెండింటి గురించి మాత్రం ఏదైనా చెప్పగలను.

నా ఆ మొదటి వ్యాసం ఇంకా నా దగ్గరుంది. పోయిన సెలవుల్లో నాలుగో పేజీలో ఆ పేరా పక్కన, "అయితే ఏంటి?" కింద, పెన్సిల్‌తో జవాబు రాశా. మూడు లైన్లు. రాశాక ఆ పేరా అక్కడ అక్కర్లేదని తేలింది, మొత్తం కొట్టేశా. ఆ రాసిన సార్ ఇది చదువుతుంటే, సార్, పేపర్ తెచ్చి చూపిస్తా, ఈసారి మార్కులు వేయక్కర్లేదు.

మొదటి నెలలో ఏ గంట ఇస్తారో టైమ్‌టేబుల్ ఫైనల్ అయ్యేలోపు చెప్తే చాలు. రూమ్, ప్రొజెక్టర్ మేం చూసుకుంటాం, 2, 4, 6 ఆట ఆడించడానికి ముగ్గురం రెడీగా ఉన్నాం, ఆ లేచి నిలబడ్డ అబ్బాయి కూడా వస్తానన్నాడు.

ఇట్లు,
మీ ఫైనల్ ఇయర్ స్టూడెంట్